అపొస్తలుల ప్రమాణమా, నైసియా ప్రమాణమా: ఏది మేలు?

పిల్లలు తమ విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకోవడానికి సిద్ధం చేసే కన్ఫర్మేషన్ క్లాసులు మొదలయ్యాయంటే సండే స్కూల్ టీచర్లు అడిగే ప్రశ్న ఇదే: పిల్లలకు ఒక్క విశ్వాస ప్రమాణమే (సంఘం ఏం నమ్ముతుందో చెప్పే చిన్న పాఠం) కంఠతా పట్టించే టైమ్ ఉంటే, ఏది పట్టించాలి? చాలామంది అపొస్తలులదే అంటారు. చిన్నది, పాతది, పైగా పేరులోనే అపొస్తలులు, అంటే యేసు తొలి శిష్యులు, ఉన్నారు.

పేరును బట్టి తేల్చకండి. అపొస్తలులే కలిసి కూర్చారన్న కథ ఈ ప్రమాణానికి వ్యాఖ్యానం రాసిన రూఫినస్ కాలానికే, అంటే 400 ప్రాంతానికే, ప్రచారంలో ఉంది. 15వ శతాబ్దంలో ఇటలీ పండితుడు లొరెంజో వల్లా దాన్ని కాదన్నాడు. దీని వేర్లు రోము సంఘంలో బాప్తిస్మం వేళ అడిగే ప్రశ్నల్లో ఉన్నాయి: తండ్రిని నమ్ముతున్నావా, కుమారుణ్ని నమ్ముతున్నావా, పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా? మనం చెప్పే పూర్తి పాఠం మాత్రం 8వ శతాబ్దపు సన్యాసి పిర్మీనియస్ రాతల్లో కనిపిస్తుంది. అలా చూస్తే, 325లో నైసియా సభలో మొదలై, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ పేరుమీద స్థిరపడిన నైసియా ప్రమాణమే పాతది!

నాకు వయసు ముఖ్యం కాదు. యేసు ఎవరు అన్న ప్రశ్నకు ఏది తేల్చి జవాబిస్తుందన్నదే అసలు విషయం. కుమారుడు సృష్టింపబడినవాడే, ఆయన లేని కాలం ఒకటుంది అన్నాడు 4వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా సంఘ పెద్ద (ప్రెస్బిటర్) అరియస్. అపొస్తలుల ప్రమాణాన్ని అతని చేతిలో పెట్టినా తడుముకోకుండా చెప్పేసేవాడు. దేవుని కుమారుడు, కన్యకు పుట్టాడు, లేచాడు... ఇందులో అతను కాదన్నదేదీ లేదు. తండ్రీ కుమారుడూ వేరు కాదన్నంత దూరం వెళ్లి, అతనికి పూర్తి ఎదురు కొసన ఉన్న అంకైరా బిషప్పు మార్సెల్లస్‌దీ అదే కథ. కుమారుని రాజ్యం ఒకనాటికి ముగుస్తుందని బోధించాడని తూర్పు బిషప్పులు పదవి నుంచి తీసేస్తే, 340 ప్రాంతంలో రోము బిషప్పు జూలియస్‌కు దాదాపు ఈ ప్రమాణమే రాసిచ్చి, సరైన విశ్వాసిగా ఒప్పించుకున్నాడు.

నైసియా ప్రమాణం దగ్గర ఈ ఆటలు సాగవు. 325లో రోము చక్రవర్తి కాన్‌స్టంటైన్ నైసియాలో పిలిపించిన సభ, కుమారుడు పుట్టినవాడే కాని చేయబడినవాడు కాడని, తండ్రిదీ ఆయనదీ ఒకే తత్వమని రాసింది. ‘ఒకే తత్వం’ అన్న మాట బైబిల్లో లేదని అప్పట్లోనే గొడవ. నిజమే, లేదు. కానీ బైబిల్ మాటలన్నిటికీ అరియస్ వర్గం తమ అర్థం చెప్పుకుంటుంటే ఇంకేం చేస్తారు? 381 పాఠంలో ‘ఆయన రాజ్యమునకు అంతము లేదు’ అన్నది మార్సెల్లస్ బోధకు జవాబు.

రెండింటిలోనూ ఓ లోటుంది. మరియ దగ్గర నుంచి ఒక్క గెంతులో పొంతి పిలాతు దగ్గరికి వెళ్లిపోతాయి. కొండమీది ప్రసంగం, స్వస్థతలు ఏవీ లేవు.

అరియస్‌ను ఎదిరించిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ పేరుతో మూడో ప్రమాణమొకటి ఉంది. లాటిన్‌లో పుట్టింది, ఆయన రాసింది కాదు, పిల్లలకు మరీ పొడవు.

బాప్తిస్మం రోజు నోటితో ఒప్పుకోవడానికి అపొస్తలులది చాలు. క్లాసులో కూర్చోబెట్టి నేర్పడానికైతే నా ఓటు నైసియాకే. పరిశుద్ధాత్మ తండ్రి నుండే కాక ‘కుమారుని నుండియు’ బయలుదేరుతున్నాడన్న మాట పశ్చిమ సంఘాలు తర్వాత చేర్చుకున్నదని, తూర్పు సంఘాలు నేటికీ దాన్ని చెప్పవని కూడా ఆ క్లాసులోనే చెప్పేయండి.