కోతపండుగకి అద్దెకు తెచ్చిన తంబోలా: అయిదుకి రెండు స్టార్లు

షాపు పేరు రాయను. సికింద్రాబాద్‌లో ఫంక్షన్లకి ఆటలు అద్దెకిచ్చే షాపు అనుకోండి, చాలు. మా చర్చి కోతపండుగకి వాళ్ల తంబోలా (పిలిచిన నంబర్లు టికెట్ మీద కొట్టుకునే ఆట) ప్యాకేజీ తీసుకున్నాం. బోర్డు, 1 నుంచి 90 వరకు నంబర్లున్న కాయిన్లు, టికెట్ పుస్తకాలు, మైకు, నంబర్లు పిలిచే కుర్రాడు, అన్నీ కలిపి మూడు గంటలకి 3,500. చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రి లెక్కలు నేనే చూస్తాను కాబట్టి బేరం ఆడింది నేను, తర్వాత మాటలు పడిందీ నేనే.

ఆ రెండు స్టార్లూ కుర్రాడికే. చెప్పిన టైముకంటే ముందే వచ్చాడు, షామియానా కింద మైకు కీచుమనకుండా సర్దుకున్నాడు. సగం తెలుగు, సగం హైదరాబాదీ హిందీ. "ఎనభై ఎనిమిది, ఇద్దరు బొద్దమ్మలు" అంటే మా పాస్టరు అయ్యగారి భార్య కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. జల్దీ ఫైవ్ (ముందుగా అయిదు నంబర్లు కొట్టినవాళ్ల ప్రైజు) ఎవరిదని ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ప్రైజు చెరిసగం చేసి గొడవ తీర్చాడు. చర్చి వ్యవహారాలు చూసే మా పాస్టరేట్ కమిటీకి ఆ నేర్పు ఉంటే ఎంత బాగుండు.

ఇక 47 సంగతి.

మా సంఘంలో అపార్ట్‌మెంట్లలో వంట చేసే ఒకామె ఉంది. చివరి ఆటకి పది టికెట్లు కొంది, 200 రూపాయలు. నేను వద్దంటుంటే, "చర్చికే కదక్కా పోయేది" అని చీర కొంగు ముడి విప్పింది. అందులో ఒక టికెట్ మీద 15 నంబర్లలో 14 కొట్టేసింది. మిగిలింది 47. పెన్ను ఆ గడి మీదే పెట్టుకుని, ప్రతి పిలుపుకీ కుర్రాడి నోరు చూస్తూ కూర్చుంది. ఆరేడు నంబర్లు పోయాక వెనక వరసలోంచి ఎవరో ఫుల్ హౌస్, అంటే 15 నంబర్లూ అయిపోయాయని అరిచారు. 2,000 రూపాయలు అటు వెళ్లాయి.

సామాను సర్దేటప్పుడు కాయిన్లన్నీ బోర్డు గుంటల్లో పేర్చాం. 46 ఉంది, 48 ఉంది. మధ్యలో గుంట ఖాళీ. సంచీ తిరగేసి దులిపాం, టేబుల్ కింద వెతికాం. ఎన్నిసార్లు లెక్కపెట్టినా 89 మాత్రమే. షాపుకి ఫోన్ చేస్తే ఓనరు ఏమన్నాడో తెలుసా? "ఒక్క కాయినే కదా మేడమ్. ఎవరికో ఒకరికి ప్రైజు వచ్చింది కదా." అరగంట పోట్లాడితే 500 తగ్గించాడు. అద్దెకు తీసుకునేవాళ్లు ముందే 90 కాయిన్లూ లెక్కపెట్టుకోండి. మేం చేయలేదు. దేవుడి పని కదా, ఎవరు మోసం చేస్తారులే అనుకున్నాం.

లెక్కలు చెప్తాను. టికెట్లు 640 అమ్మాం, వచ్చింది 12,800. ప్రైజులకి 5,400, షాపుకి 3,500 పోగా మిగిలింది 3,900. ఇరవై రూపాయలిచ్చిన మనిషి దగ్గర్నుంచి చర్చికి చేరింది ఆరు. పక్కనే వేలంపాటలో ఒక్క గుమ్మడికాయ 1,100 పలికింది, ఆ డబ్బు మొత్తం చర్చిదే. కొన్నాయనకి పదకొండు వందలు ఎందుకిస్తున్నాడో తెలుసు, కాయ చంకలో పెట్టుకుని నవ్వుకుంటూ వెళ్లాడు.

ఆదివారం కమిటీలో రచ్చ మొదలైంది. అంతకు మూడు వారాల ముందే అయ్యగారు బెట్టింగ్ యాప్‌ల మీద ప్రసంగం చేశారు మరి. 2017లో మన రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని ఆపిందనీ, 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనే నిషేధించిందనీ పుల్పిట్ మీంచి చెప్పారు. అదే ఆవరణలో మేం మైకు పెట్టి నంబర్లు పిలిపించాం. ఒక పెద్దాయన లేచి, "వెస్లియన్ మిషనరీలు నాటిన సంఘం మనది. పక్కవాడి ఆస్తి జూదంలో గెలిచి తినొద్దని వాళ్ల గురువు వెస్లీ ఎప్పుడో చెప్పాడు. కరువులో కూలీలకి పని ఇచ్చి మిషనరీ పోస్నెట్ దొర మెదక్ చర్చి కట్టించాడు, 1924లో ప్రతిష్ఠ చేశారు. తంబోలా ఆడించి కట్టాడా?" అన్నాడు.

యూత్ సెక్రటరీ ఊరుకుంటాడా? ఇంగ్లండ్‌లో 1994లో నేషనల్ లాటరీ వచ్చాక ఆ డబ్బుతోనే ఎన్నో పాత చర్చిల పైకప్పులు బాగుచేయించుకున్నారన్నాడు. యేసు శిష్యులైన అపొస్తలులే చీట్లు వేసి మత్తీయని తమలో ఒకడిగా ఎన్నుకున్నారన్నాడు. చీట్లు వేసినందుకు మత్తీయ దగ్గర ఎవరూ ఇరవై రూపాయలు తీసుకోలేదు బాబూ అన్నాను నేను. మా క్యాథలిక్ ఎదురింటావిడ మాట వేరు. ఆటలో దానంతటదే తప్పు లేదు, మనిషి తిండికీ అవసరానికీ ఉంచుకున్నది లాక్కుంటేనే తప్పు అని వాళ్ల మత బోధల పుస్తకం కేటకిజంలో ఉందట. నాకు ఆ కొలతే నచ్చింది. కానీ ఆ కొలతతో చూసినా నాకు గుర్తొచ్చేది ఆ కొంగు ముడే. ఇంట్లో పేకాటకి ఆమె పది రూపాయలు కూడా పెట్టదు. పక్కన సిలువ ఉంది కాబట్టి పెట్టింది.

చివరికి ఏం తేల్చారంటే, షాపువాడు తగ్గించిన 500తో కలిపి 4,400 కానుకల ఖాతాలో రాయకూడదు, బాత్రూమ్ రిపేరుకి వాడాలి. యేసుని పట్టించినందుకు తీసుకుని యూదా పారేసిన ముప్పై వెండి నాణేలు కానుక పెట్టెలో వేయకూడదని, ప్రధాన యాజకులు వాటితో కుమ్మరివాని పొలం కొన్నారు కదా, అచ్చం అలాగే. ఈ మాట నేను పైకే అన్నాను. ఎవరూ నవ్వలేదు.

నేను మాత్రం ఆ 200 నా పర్సులోంచి తీసి ఆమెకి తిరిగివ్వబోయాను. నోట్లు తీసుకుంది, మడిచి కొంగున కట్టుకుంది. తర్వాత అడిగింది: "మరి నా రెండు వేలో అక్కా?"