ఆర్టోస్ గ్రేప్: గాజు సీసాలో తాగితేనే ఆ రుచి
మా అమ్మమ్మ గారి ఊరు ద్రాక్షారామానికి దగ్గర, ఆర్టోస్ కూల్ డ్రింక్ పుట్టిన రామచంద్రపురం మీదుగానే వెళ్ళాలి, అందుకే చిన్నప్పటి వేసవి సెలవులు తలుచుకుంటే తాటి ముంజలతో పాటు ఆర్టోస్ కూడా గుర్తొచ్చేస్తుంది. తాతయ్య కూల్ డ్రింక్ అనేవాడు కాదు, కలర్ అనేవాడు. "ఒరే, పిల్లలు ఎండన పడొచ్చారు, తలో కలర్ కొట్టించు" అని మావయ్యకి పురమాయించేవాడు. కలర్ అంటే మా దగ్గర ఆర్టోసే, అందులోనూ గ్రేప్. మొన్న మే నెలలో పెళ్ళికని మళ్ళీ అటు వెళ్ళాను, రోళ్ళు పగిలే ఎండ, బస్సు దిగగానే మొదటి కొట్టులో అడిగింది అదే.

"బాబాయ్, ఆర్టోస్ గ్రేప్ ఉందా, సీసాది?"

"ఆయ్, ఉందండి. ఇక్కడే తాగి సీసా ఇచ్చేయాలండి మరి."

ఇక్కడే తాగడానికే కదా వచ్చింది. కౌంటర్ పక్కన తాడుకి ఓపెనర్ వేలాడుతోంది, దాంతో మూత లాగితే టప్ మని సౌండ్, మూతి దగ్గర సన్నగా పొగలాగా లేచింది. సీసా భుజం దగ్గరా కిందా తెల్లగా అరిగిపోయిన చారలు ఉన్నాయి చూడండి, క్రేట్లో పక్క సీసాలతో రాసుకుని రాసుకుని అలా అవుతుంది, అంటే ఈ సీసా ఎన్నిసార్లు నింపుకుని ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చిందో. మొదటి గుక్కకి ముక్కులోకి ఘాటు కొడుతుంది, తర్వాత తీపి, ఆ తర్వాత నాలిక మీద కాస్త వగరు లాంటిది ఉండిపోతుంది. నిజం ద్రాక్షపండు రుచి అని నేను అనను, అది ఆర్టోస్ రుచి అంతే. నాలిక ఊదారంగులోకి మారిపోతుంది, మా పెద్దమ్మ మనవరాలు అద్దంలో నాలిక చూసుకుని చూసుకుని మళ్ళీ తాగింది.

రుచి సంగతి అలా ఉంచి, ఈ కంపెనీ వయసు ఎంతో తెలిస్తే ఆ సీసాని ఇంకాస్త జాగ్రత్తగా పట్టుకుంటారు. 1919లో అద్దూరి రామచంద్రరాజు గారు రామచంద్రపురంలో మొదలుపెట్టారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రమే లేదు, మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, జలియన్‌వాలాబాగ్ జరిగింది కూడా ఆ ఏడే. అలాంటి రోజుల్లో కాకినాడ లాంటి రేవు పట్నంలో కాకుండా, వరి చేల మధ్య ఉన్న ఒక తాలూకా ఊళ్ళో డ్రింకుల వ్యాపారం పెట్టడమంటే ఎంత తెగువ కావాలో ఆలోచించండి. 2019కి వందేళ్ళు నిండాయి, ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే నడుస్తోంది.

ఆ రోజుల్లో సోడా అంటే గోలీ సోడాయే. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో ఆ సీసాకి పేటెంట్ తీసుకున్నాడు, మూత అక్కర్లేదు, లోపల గ్యాసే గోలీని పైకి తన్ని రబ్బరు వాషర్‌కి అదిమి పట్టేస్తుంది, వేలితో గోలీ లోపలికి నొక్కితే కీచుమని అరిచి దిగుతుంది, తాగేటప్పుడు మళ్ళీ దొర్లి అడ్డం రాకుండా మెడ దగ్గర రెండు నొక్కులు ఉంటాయి. చిన్నప్పుడు ఆ గోలీ బయటికి తీయాలని మేం చేయని ప్రయత్నం లేదు. ఆ తర్వాత రేకు మూత సీసాలొచ్చాయి, వాటి తర్వాత ప్లాస్టిక్.

కోలాల చరిత్రతో పోల్చి చూస్తేనే ఆర్టోస్ గొప్పతనం తెలుస్తుంది. 1977లో కోకా-కోలా మన దేశం నుంచి వెళ్ళిపోయింది, ఆ ఏడే పార్లే వాళ్ళు థమ్సప్ తెచ్చారు, 90ల్లో పెప్సీ వచ్చింది, 1993లో కోక్ తిరిగొచ్చి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజా మొత్తం కొనేసింది. పార్లే రమేష్ చౌహాన్ గారు డ్రింకులన్నీ అమ్మేసి నీళ్ళ బాటిల్ బిస్లరీని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు. అంటే దేశం మొత్తం మీద థమ్సప్ లాంటి పేరున్న కంపెనీయే నిలబడలేక అమ్ముకున్న చోట, గోదావరి జిల్లాలో ఒక కుటుంబం డ్రింకు నిలబడింది. ఇలా నిలబడ్డవాళ్ళు దేశంలో కొద్దిమందే. తమిళనాడులో కాళీమార్క్ వాళ్ళు ఉన్నారు, 1916 నుంచి, వాళ్ళ బొవొంటో డ్రింకు అంటే అక్కడివాళ్ళు ప్రాణం పెడతారు. సూరత్‌లో సోస్యో 1923 నుంచి ఉంది, అందులో 2023లో రిలయన్స్ సగం వాటా తీసుకుంది. క్యాంపా అనే పాత కోలా కూడా ఇప్పుడు రిలయన్స్ వాళ్ళదే. ఆర్టోస్ సొంతవాళ్ళ చేతిలోనే ఉండాలని నాకు గట్టిగా ఉంది.

ఎలా నిలబడింది అంటే నాకు అనిపించేది ఒక్కటే, ఆ గాజు సీసా. గాజు బరువు, దూరాలు మోస్తే గిట్టదు, ఖాళీ సీసా మళ్ళీ వెనక్కి రావాలి, వేడి కాస్టిక్ నీళ్ళలో కడగాలి, పగులు ఉందేమో చూడాలి, మళ్ళీ నింపాలి. ఇదంతా కుదరాలంటే కొట్టువాడికీ కంపెనీకీ మధ్య రోజూ రాకపోకలు ఉండాలి, నిండు క్రేట్ దింపి ఖాళీ క్రేట్ ఎక్కించుకుపోయే బండివాడు కొట్టువాణ్ణి పేరుపెట్టి పిలిచేటంత దగ్గరతనం ఉండాలి. ఎక్కడో దూరాన ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి అంత దగ్గరతనం రాదు, పక్క ఊరివాళ్ళకి వస్తుంది. పైగా మా వైపు పెళ్ళిళ్ళలో ఇప్పటికీ విడిది దిగిన మగపెళ్ళివారికి డ్రింకులు ఇవ్వకపోతే మాటొస్తుంది కదా, క్రేట్లకి క్రేట్లు అలా వెళ్తాయి.

ప్లాస్టిక్ బాటిల్ కూడా తాగాను, అదీ చెప్పాలి. బాలేదని కాదు, ప్రయాణానికి బాగుంటుంది, కానీ ప్లాస్టిక్‌లోంచి గ్యాస్ కొద్దికొద్దిగా బయటికి పోతూ ఉంటుంది, గాజులోంచి పోదు. అందుకే ప్లాస్టిక్‌ది ఎప్పుడు తయారైందో డేట్ చూసి, వీలైనంత కొత్తది తీసుకోండి. ఇంకోటి, బాగా చల్లబడ్డాకే మూత తీయండి, చల్లటి దాంట్లోనే గ్యాస్ నిలుస్తుంది, వెచ్చగా ఉన్నది తీస్తే సగం నురగై పొంగిపోయి మిగిలింది తీపి నీళ్ళలా ఉంటుంది.

ఒక బాధ కూడా ఉంది. వచ్చేటప్పుడు దారిలో బస్సు ఆగిన చోట ఒక కొట్టులో ఇదే డ్రింకు కొంటే, బాటిల్ మీద ఉన్న రేటు కంటే ఎక్కువ తీసుకున్నాడు, అదేంటండీ అంటే కూలింగ్ ఛార్జీ అన్నాడు. పైగా అది చల్లగా కూడా లేదు. ఎమ్మార్పీ కంటే పైసా ఎక్కువ తీసుకోవడం చట్టప్రకారం తప్పు, కూలింగ్ పేరు చెప్పినా తప్పే, అడగండి, నేను అడిగాను, పక్కనున్న ఇద్దరు కూడా అడిగేసరికి తిరిగిచ్చేశాడు. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు కానీ చెడ్డపేరు బాటిల్ మీద ఉన్న పేరుకే వస్తుంది, అది నాకు నచ్చలేదు.

అన్నట్టు రేటు ఎక్కువ అనేవాళ్ళకి ఒక మాట, గ్యాస్ డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం. మొదట్లో 28, దాని మీద 12 సెస్ అనే అదనపు పన్ను ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి నేరుగా 40 చేశారు. ప్రపంచమంతా అమ్మే కంపెనీకీ అదే పన్ను, మూడు నాలుగు జిల్లాల్లో అమ్ముకునే కంపెనీకీ అదే పన్ను. చిన్న కంపెనీలకి కొంచెం తగ్గించి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

చక్కెర ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్ళు వద్దు, పిల్లలకి కూడా రోజూ వద్దు, ఎప్పుడైనా ఒకటి. మిగతా ఫ్లేవర్లు కూడా ఉన్నాయి గానీ కొత్తగా తాగేవాళ్ళు గ్రేప్‌తోనే మొదలుపెట్టండి. గాజు సీసాది అయితే 5కి 5 ఇస్తాను, ప్లాస్టిక్‌ది అయితే 4. హైదరాబాద్‌లో మా ఏరియాలో గాజుది దొరకట్లేదు, అదొక్కటే లోటు. ద్రాక్షారామం భీమేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళేవాళ్ళు రామచంద్రపురం సెంటర్లో ఓ పది నిమిషాలు ఆగండి. (ద్రాక్షారామానికీ ద్రాక్షకీ సంబంధం లేదు, దక్షుడి పేరు మీద వచ్చిన ఊరది, చిన్నప్పుడు మాత్రం నేను ఈ డ్రింకు వల్లే ఆ ఊరికి ఆ పేరొచ్చిందని నమ్మాను.)

వచ్చే నెల మా చెల్లి సీమంతం అమ్మమ్మ గారింట్లోనే. మావయ్యకి ఫోన్ చేసి చెప్పేశాను, రెండు క్రేట్లు, సీసాలవే, రెండూ గ్రేపే.