వీఎంని సేవ్ చేయాలా, స్నాప్‌షాట్ తీయాలా, షట్‌డౌన్ చేయాలా: ఏది మేలు?

రాత్రి పదకొండయింది. వర్చువల్ మెషీన్‌లో, అంటే కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్‌లో (వీఎం), ఆరు టెర్మినళ్లు తెరిచి ఉన్నాయి. ప్రోగ్రామ్‌లో తప్పులు వెతికే డీబగ్గర్ ఒక లైను దగ్గర ఆగి ఉంది. ప్రోగ్రామ్‌ని అక్కడిదాకా తీసుకురావడానికే రెండు గంటలు పట్టింది. ఇంతలో కరెంటు పోయింది, యూపీఎస్ కూత పెడుతోంది. హోస్ట్‌ని, అంటే వీఎం నడుస్తున్న అసలు కంప్యూటర్‌ని, ఆపక తప్పదు. షట్‌డౌన్ చేస్తే రెండు గంటల పని పోతుంది. సేవ్ చేస్తే పొద్దున్న డీబగ్గర్ అదే లైను మీద నిలబడి ఉంటుంది. స్నాప్‌షాట్, అంటే మెషీన్ ఆ క్షణపు స్థితికి గుర్తు, తీసినా అంతే కదా అనిపిస్తుంది. ఏది వాడాలో తేల్చుకోవడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను: నాకిప్పుడు కావలసింది కాసేపు ఆగడమా, అవసరమైతే రేపు వెనక్కి రావడమా?

పైకి సేవ్, స్నాప్‌షాట్ రెండూ ఒకటిలాగే కనిపిస్తాయి. నడుస్తున్న మెషీన్ మెమరీని ఫైల్లో రాసి, మళ్లీ చదువుకోవడమే కదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. దానికి తొమ్మిది రోజుల పని పోగొట్టుకున్నాను. ఆ సంగతి కాస్త ఆగి చెబుతాను.

నేను లినక్స్ మీద వీఎంలు నడిపే కేవీఎం, వాటిని నిర్వహించే లిబ్‌వర్ట్ వాడతాను కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. వర్చువల్‌బాక్స్, హైపర్-వీ వాడేవారికి పేర్లు మారతాయి గానీ లెక్క మారదు.

ముందుగా ఒక అపోహ తీసేయాలి. లిబ్‌వర్ట్‌కి కమాండ్లు ఇచ్చే సాధనం వర్ష్. అందులో వర్ష్ సస్పెండ్ అనే కమాండ్ పేరు చూసి, అది మెషీన్‌ని డిస్క్‌లో దాస్తుందని అనుకునేవాళ్లున్నారు. దాయదు. గెస్ట్ (అంటే లోపల నడిచే వీఎం) ప్రాసెసర్లను నిలిపేస్తుంది, అంతే. మెమరీ అంతా హోస్ట్ ర్యామ్‌లోనే ఉంటుంది. కరెంటు పోతే దానితోపాటే పోతుంది. ఐదు నిమిషాలు ప్రాసెసర్ భారం తగ్గించుకోవడానికి పనికొస్తుంది, రాత్రికి పనికిరాదు.

సేవ్: ఉన్నదున్నట్టు ఆపడం

వర్ష్ సేవ్ చేసినప్పుడు గెస్ట్ ఆగుతుంది. దాని ర్యామ్, ప్రాసెసర్ రిజిస్టర్లు, నెట్‌వర్క్ కార్డు, డిస్క్ కంట్రోలర్ లాంటి పరికరాల స్థితి అంతా ఒక ఫైల్లోకి వెళుతుంది. ఆ తర్వాత హోస్ట్ ర్యామ్ ఖాళీ అవుతుంది. నడుస్తున్న మెషీన్‌ని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి తరలించే లైవ్ మైగ్రేషన్‌లో ఏ యంత్రాంగం పనిచేస్తుందో, కేవీఎంతో కలిసి వీఎంని నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రామ్ లోపల ఇక్కడా అదే పనిచేస్తుంది. అవతల ఇంకో సర్వర్ ఉండాల్సిన చోట ఇక్కడ ఫైలు ఉంటుంది, అంతే తేడా.

ఎంతసేపు పడుతుందన్నది డిస్క్ వేగాన్ని బట్టి. గెస్ట్ 8 జీబీ ర్యామ్ నిండా వాడుకుంటోందనుకోండి. సెకనుకు 100 ఎంబీ రాసే పాత హార్డ్‌డిస్క్ మీద 80 సెకన్లు దాటుతుంది. 500 ఎంబీ రాసే సాటా ఎస్ఎస్‌డీ మీద 16, 17 సెకన్లలో అయిపోతుంది. సున్నాలతో ఉన్న మెమరీ పేజీలను పూర్తిగా రాయరు కాబట్టి, ఇప్పుడే బూట్ అయిన మెషీన్ ఫైలు చిన్నగా ఉంటుంది. లిబ్‌వర్ట్ మామూలుగా కుదించకుండానే రాస్తుంది. క్యూఈఎంయూ కాన్ఫిగ్ ఫైల్లో సేవ్ ఇమేజ్ ఫార్మాట్ అనే చోట ఎల్‌జాప్ గానీ జీజిప్ గానీ అనే కుదింపు పద్ధతి పెట్టుకోవచ్చు. నెమ్మదైన డిస్క్ ఉంటే ఎల్‌జాప్ మేలు. జీజిప్ వాడితే డిస్క్ దగ్గర మిగిలిన సమయం ప్రాసెసర్ దగ్గర ఖర్చవుతుంది.

ఈ లెక్క యూపీఎస్ ఉన్నవాళ్లకు బాగా ముఖ్యం. హోస్ట్ ఆగేటప్పుడు గెస్ట్‌ల సంగతి చూసుకునే లిబ్‌వర్ట్-గెస్ట్స్ సర్వీసుకు రెండు దారులున్నాయి: ఒక్కో గెస్ట్‌ని సేవ్ చేయడం, లేదా షట్‌డౌన్ చేయమని అడగడం. 8 జీబీ గెస్ట్‌లు మూడుంటే హార్డ్‌డిస్క్ మీద సేవ్ చేయడానికి నాలుగు నిమిషాలు కావాలి. యూపీఎస్ ఐదు నిమిషాలకు మించి నిలబడకపోతే అది టెన్షన్ పడాల్సిన విషయమే. ఒకసారి కరెంటు ఉన్నప్పుడే సేవ్ చేసి, గడియారం పెట్టి కొలుచుకోండి.

ఇక నా తొమ్మిది రోజుల సంగతి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడిచే ఒక వీఎంలో అప్‌గ్రేడ్ చేయబోతూ, వర్ష్ సేవ్‌తో ఒక ఫైలు తీసుకున్నాను. వెంటనే రిస్టోర్ చేశాను, బాగానే లేచింది. రిస్టోర్ అయ్యాక కూడా ఆ ఫైలు అక్కడే ఉంది, లిబ్‌వర్ట్ దాన్ని చెరపదు. అది నా దగ్గరున్న భద్రమైన కాపీ అనుకున్నాను. తొమ్మిది రోజుల తర్వాత అప్‌గ్రేడ్‌లో ఏదో తేడా కనిపించి, మెషీన్ ఆపి, అదే ఫైలు మళ్లీ రిస్టోర్ చేశాను. తెర వచ్చింది. పాత టెర్మినళ్లు, పాత కమాండ్లు, అన్నీ ఎక్కడివక్కడే. ఊపిరి పీల్చుకున్నాను. పది నిమిషాలకు ఫైల్‌సిస్టమ్ ఎర్రర్లు మొదలయ్యాయి. కాసేపటికి డిస్క్ రాయడానికి వీల్లేని స్థితిలోకి వెళ్లిపోయింది. ఫైల్‌సిస్టమ్‌ని సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపితే లాస్ట్ ప్లస్ ఫౌండ్ ఫోల్డర్‌లో పేర్లు పోయి అంకెలు మిగిలిన ఫైళ్లు వచ్చి పడ్డాయి. డేటాబేస్ తెరుచుకోలేదు. పాత స్థితీ దక్కలేదు, కొత్త పనీ మిగల్లేదు.

ఎందుకిలా జరిగిందో అర్థం కావడానికి ఒక కిరాణా కొట్టు యజమానిని తలుచుకోండి. ఎవరి పద్దు ఏ పేజీలో ఉందో, ఏ పేజీలు ఖాళీయో ఆయనకు నోటికి వచ్చు. ఆయన ఊళ్లో లేని తొమ్మిది రోజులూ కొడుకు కొట్టులో కూర్చుని అదే పుస్తకంలో కొత్త పద్దులు రాశాడు. తిరిగొచ్చిన తండ్రి పుస్తకం తిరగేయకుండా, తనకు గుర్తున్న ఖాళీ పేజీల మీద రాసుకుంటూ పోయాడు. కొడుకు రాసినవి చెరిగిపోయాయి, పైన పడినవాటికి అర్థం లేదు. సేవ్ ఫైల్లో ఉన్నది ఆ తండ్రి జ్ఞాపకం. డిస్క్ ఆ పుస్తకం. వర్ష్ సేవ్ జ్ఞాపకాన్ని మాత్రమే దాస్తుంది, పుస్తకాన్ని దాయదు. డిస్క్‌ని కూడా అదే క్షణానికి వెనక్కి తీసుకెళ్లకుండా ఒకే సేవ్ ఫైలుని రెండోసారి వాడకూడదని లిబ్‌వర్ట్ పత్రాల్లో స్పష్టంగానే ఉంది. నేను చదవలేదు.

అందుకే ఇప్పుడు వర్ష్ సేవ్ బదులు మేనేజ్డ్‌సేవ్ వాడతాను. ఇందులో ఫైలు ఎక్కడుందో మనం చూసుకోనక్కర్లేదు. మామూలుగా స్టార్ట్ కొడితే చాలు, అది గుర్తుపట్టి అక్కడినుంచే లేపుతుంది, లేపాక ఫైలు తీసేస్తుంది. రెండోసారి వాడే ప్రమాదమే ఉండదు. వర్చువల్‌బాక్స్‌లో సేవ్ ద మెషీన్ స్టేట్ చేసేదీ ఇదే పని. ఆగడం వరకైతే నా ఓటు మేనేజ్డ్‌సేవ్‌కే.

స్నాప్‌షాట్: మెమరీ, డిస్క్ జోడుగా

వెనక్కి రావాలంటే మెమరీ, డిస్క్ రెండూ ఒకే క్షణానివి కావాలి. మెమరీతో కూడిన స్నాప్‌షాట్ చేసేది అదే. క్యూఈఎంయూలో సేవ్‌వీఎం అనే పాత పద్ధతిలో రెండూ క్యూకౌ2 అనే ఫార్మాట్‌లోని డిస్క్ ఫైల్లోనే చేరతాయి. ఒకే ఫైలు, కాపీ చేసుకోవడం తేలిక. కానీ మెమరీ రాసినంతసేపూ గెస్ట్ ఆగిపోతుంది. రాయడానికి వీలున్న ప్రతి డిస్కూ స్నాప్‌షాట్లు తీయగలిగే ఫార్మాట్‌లోనే ఉండాలి. స్నాప్‌షాట్ చెరిపినా డిస్క్ ఫైలు చిన్నదవదు, లోపల చోటు మాత్రం ఖాళీ అవుతుంది. ఎక్స్‌టర్నల్ పద్ధతిలో మెమరీ వేరే ఫైల్లోకి వెళుతుంది, డిస్క్ మీద కొత్త పొర ఒకటి పడుతుంది. పాత డిస్క్ ఫైలు కింద ఉండిపోతుంది. దాన్ని పొరపాటున తెరిచి మార్చితే పైపొరలన్నీ చెడతాయి.

ప్రయోగాలకు ఇంతకంటే మంచి సాధనం లేదు. వైరస్ లాంటి అనుమానాస్పద ప్రోగ్రామ్‌లను పరిశీలించేవారు, అన్నీ తెరిచి సిద్ధంగా ఉన్న మెషీన్‌కి ఒక స్నాప్‌షాట్ తీసి, ప్రతి పరీక్ష తర్వాత దానికే తిరిగొస్తారు. బూట్ అయ్యేదాకా ఆగనక్కర్లేదు, గత పరీక్ష మురికి మిగలదు. డీబగ్గర్‌లో ఒకే చోటినుంచి పదిసార్లు పదిరకాలుగా ముందుకెళ్లి చూడాలన్నా ఇదే దారి.

కానీ స్నాప్‌షాట్‌ని నెలల తరబడి అలాగే వదిలేయడం మంచిది కాదు. ఒకే స్నాప్‌షాట్ మీద 72 గంటలు మించి ఉండొద్దని వీఎంలు నడిపే మరో సాఫ్ట్‌వేర్ వీఎంవేర్ తన వాడకందార్లకు చెబుతుంది. స్నాప్‌షాట్ల గొలుసులో 32 దాకా అనుమతిస్తూనే, రెండు మూడుకు మించకపోతే మంచిదంటుంది. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదని కూడా అక్కడే ఉంది. కింది డిస్క్ ఫైలు పోతే పైనున్నవేవీ నిలబడవు.

మెమరీ అసలు అవసరమా?

నా అభిప్రాయం ఇక్కడే కొంతమందికి నచ్చకపోవచ్చు. సర్వర్‌ని వెనక్కి తీసుకురావడానికి మెమరీతో స్నాప్‌షాట్ తీయడం చాలాసార్లు తప్పు ఎంపిక. మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్ 2016 నుంచి హైపర్-వీలో ప్రొడక్షన్ చెక్‌పాయింట్‌నే మామూలు ఎంపికగా పెట్టింది (అక్కడ స్నాప్‌షాట్‌ని చెక్‌పాయింట్ అంటారు). అందులో మెమరీ ఉండదు. గెస్ట్ లోపలి వీఎస్ఎస్ సేవ రాతలన్నీ డిస్క్‌కి చేర్చాక డిస్క్ స్థితిని పట్టుకుంటుంది. వెనక్కి వస్తే మెషీన్ ఆపేసిన స్థితిలో వస్తుంది, మనం బూట్ చేయాలి. ఆ నిర్ణయం సరైనదని నా అనుభవం చెబుతోంది.

కారణం, పాత మెమరీతో లేచిన మెషీన్‌కి మధ్యలో కాలం గడిచిందని తెలియదు. దాని గడియారం సేవ్ చేసిన క్షణం దగ్గరే ఉంటుంది. కెర్బరోస్ అనే లాగిన్ వ్యవస్థలో గడియారాల తేడా మామూలుగా ఐదు నిమిషాలు దాటితే లాగిన్ కుదరదు. నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకునే క్రోనీ ప్రోగ్రామ్ సరిచేస్తుందిలే అనుకుంటాం. చాలా లినక్స్‌లలో దాని సెట్టింగ్ మొదటి మూడుసార్లే గడియారాన్ని ఒక్కసారిగా జరపనిస్తుంది, ఆ తర్వాత నెమ్మదిగా లాక్కొస్తుంది. హోస్ట్ మాట వినేందుకు గెస్ట్ లోపల నడిచే గెస్ట్ ఏజెంట్ పెట్టుకుని, లేచిన వెంటనే వర్ష్ డామ్‌టైమ్‌తో సమయం సరిచేయడం నాకు అలవాటైంది. ఎస్ఎస్‌హెచ్, డేటాబేస్ కనెక్షన్లు అవతలివైపు ఎప్పుడో తెగిపోయి ఉంటాయి, అవి మళ్లీ పెట్టుకోవాల్సిందే.

ఇంకా లోతైన ప్రమాదం విండోస్ నెట్‌వర్క్‌లో ఖాతాల వివరాలుంచే యాక్టివ్ డైరెక్టరీలో ఉంది. దాన్ని నడిపే సర్వర్, అంటే డొమైన్ కంట్రోలర్, తాను చేసిన ప్రతి మార్పుకీ వరుస నంబరు వేస్తుంది. పాత స్నాప్‌షాట్‌కి వెళితే నంబర్లు వెనక్కెళ్లి, వాడేసిన నంబర్లే కొత్త మార్పులకు పడతాయి. మిగతా కంట్రోలర్లు ఇవి మాకు ముందే వచ్చాయని వదిలేస్తాయి. ఎర్రర్ ఏదీ కనిపించకుండానే డైరెక్టరీ రెండుగా చీలిపోతుంది. దీనికోసమే విండోస్ సర్వర్ 2012లో వీఎం జనరేషన్ ఐడీ తెచ్చారు. వెనక్కి తెచ్చిన ప్రతిసారీ ఆ ఐడీ మారుతుంది, గెస్ట్ దాన్ని చూసి జాగ్రత్తపడుతుంది. రాండమ్ నంబర్లకీ ఇదే చిక్కు. ఒకే మెమరీనుంచి రెండుసార్లు లేచిన మెషీన్ ఒకే రహస్య సంఖ్యలను మళ్లీ పుట్టించవచ్చు. అందుకే లినక్స్ కెర్నెల్ కూడా 2022లో వచ్చిన 5.18లో ఆ ఐడీని చదివి రాండమ్ జనరేటర్‌ని కొత్తగా మొదలుపెట్టడం నేర్చుకుంది.

సేవ్ ఫైలైనా, మెమరీ ఉన్న స్నాప్‌షాటైనా, ఆ క్షణంలో మెమరీలో ఉన్న పాస్‌వర్డ్‌లు, డిస్క్ ఎన్‌క్రిప్షన్ తాళంచెవులు అందులో ఉంటాయి. గెస్ట్ డిస్క్‌కి ఎంత గట్టి తాళం వేసినా, దాని చెవి పక్క ఫోల్డర్‌లో పెట్టినట్టే. హోస్ట్ డిస్క్ కూడా ఎన్‌క్రిప్ట్ అయి లేకపోతే, ముఖ్యమైన మెషీన్లను సేవ్ చేసి రాత్రంతా వదిలేయకండి.

షట్‌డౌన్ మీద చెప్పడానికి ఎక్కువ లేదు. నెమ్మది, చేతిలో పని పోతుంది, కానీ నిఖార్సైనది. డేటాబేస్ సర్వర్లకు, గ్రాఫిక్స్ కార్డు నేరుగా అప్పగించిన మెషీన్లకు ఇదే దారి. అలా అప్పగించిన కార్డు స్థితిని మామూలుగా ఫైల్లోకి తీసుకోలేం కాబట్టి సేవ్ కుదరదు. వర్చువల్‌బాక్స్ గానీ క్యూఈఎంయూ గానీ పెద్ద వెర్షన్‌కి మారుస్తున్నప్పుడు కూడా సేవ్ చేసిన మెషీన్లుంటే ముందు లేపి, షట్‌డౌన్ చేసి, అప్పుడే మార్చండి. ఇంటెల్ హోస్ట్‌లో సేవ్ చేసింది ఏఎండీ హోస్ట్‌లో లేస్తుందని ఆశ పెట్టుకోకండి.

గెస్ట్ తనంతట తాను హైబర్నేట్ కావడం, అంటే తన మెమరీని తన డిస్క్‌లో రాసుకుని ఆగడం, ఇంకో దారి. తాను నిద్రపోతున్నానని గెస్ట్‌కి తెలుస్తుంది కాబట్టి లేచాక గడియారం సరిగ్గా ఉంటుంది. కానీ మెమరీ పట్టేంత స్వాప్ (మెమరీ కోసం డిస్క్ మీద కేటాయించిన చోటు) కావాలి, లోపల సెట్టింగులన్నీ కుదరాలి. విండోస్ డెస్క్‌టాప్ గెస్ట్‌కి బాగుంటుంది, లినక్స్ సర్వర్లలో దానికోసం కష్టపడటం అనవసరం.

ఆ రాత్రి డీబగ్గర్ సంగతికొస్తే, నేనైతే మేనేజ్డ్‌సేవ్ చేసి హోస్ట్ ఆపుతాను. పొద్దున్న పోస్ట్‌గ్రెస్ అప్‌గ్రేడ్ ఉంటే వీఎంని షట్‌డౌన్ చేసి, డిస్క్‌కి మాత్రమే స్నాప్‌షాట్ తీసి, డేటాబేస్ డంప్ వేరే డిస్క్ మీదకి తీసుకున్నాకే మొదలుపెడతాను. అప్‌గ్రేడ్ రెండు మూడు రోజులు సరిగ్గా నడిస్తే స్నాప్‌షాట్ చెరిపేస్తాను. ఎప్పుడైనా వర్ష్ సేవ్ ఫైలు చేతిలో మిగిలితే, రిస్టోర్ అయిన నిమిషంలోనే చెరిపేస్తాను.