నల్గొండలో చిన్న బార్లకు భోజనానికి వెళ్లేవారికి హెచ్చరిక: ప్లేటునూ చూడండి, బిల్లునూ చూడండి

నల్గొండ పట్టణంలో దేవరకొండ రోడ్డు వైపు ఉన్న ఒక చిన్న బార్ అండ్ రెస్టారెంట్‌లో ఇటీవల మాకు ఎదురైన చేదు అనుభవాన్ని, అటువంటి చోట్లకు భోజనానికి వెళ్లే తోటివారు జాగ్రత్తపడాలన్న ఉద్దేశంతో రాస్తున్నాను. ఫిర్యాదు ఇంకా పరిశీలనలో ఉన్నందున ఆ బార్ పేరు ప్రస్తావించడం లేదు.

అది ఏ ఆర్భాటమూ లేని చోటు. కలెక్టరేట్‌లో పనికో, పెద్దాసుపత్రిలో ఉన్న బంధువును చూడడానికో, బత్తాయి మార్కెట్‌కో మునుగోడు, కనగల్, నకిరేకల్ వైపు నుంచి వచ్చినవాళ్లు కలిసి కూర్చుని, ఒకరు బీరు తాగుతుంటే మరొకరు బగారా అన్నం, కోడికూర తిని, ఎక్కువ ఖర్చు లేకుండా లేచి వెళ్లిపోతారు. ఇలాంటి చోట్లంటే నాకు ఇష్టం. తక్కువ డబ్బుతో కడుపు నింపుకుందామని వచ్చేవారిని అక్కడ ఇలా మోసగించడం నన్ను ఎక్కువగా బాధించింది.

మేము ముగ్గురం వెళ్లాము. మాలో ఒకరు మద్యం ముట్టరు. ముందుగా తెప్పించిన చికెన్ ఫ్రై పైకి పొగలు కక్కుతోంది. ముక్కను విరిచి చూస్తే ఎముక దగ్గర మాంసం ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసినంత చల్లగా ఉంది, వేళ్లకు జిగటగా అంటుకుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పుల్లటి వాసన వచ్చింది. ప్లేటు అడుగున చేరిన నూనె నల్లగా ఉంది. పైన చల్లిన కరివేపాకు, పచ్చిమిర్చి మాత్రం తాజాగా ఉన్నాయి; అంటే ఎప్పటిదో పాత వేపుడు మీద కొత్తగా పోపు వేసి తెచ్చారన్నమాట. అడిగితే సర్వర్ "ఇయ్యాల పొద్దుగాల కోసిన కోడే సార్, డౌటే అక్కర్లే" అన్నాడు. అతన్ని నేను నిందించను, చెప్పమన్నది చెప్పే ఉద్యోగం అతనిది. గల్లా దగ్గరున్న యజమానికి ముక్క చూపిస్తే, "బార్ల గిట్లనే ఉంటది అన్నా, ఇంట్ల లెక్క గాదు" అని తేల్చేశాడు.

ఆ మాట నిజం కాదు. బార్‌లో వంటగది ఉంటే దానికీ హోటళ్లకు వర్తించే ఆహార భద్రతా నిబంధనలే వర్తిస్తాయి. వండిన మాంసాన్ని నిల్వ ఉంచాలంటే 5 డిగ్రీలకు మించని చల్లదనంలోనైనా, 60 డిగ్రీలకు తగ్గని వేడిలోనైనా ఉంచాలి. పదేపదే కాచిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (కాచినకొద్దీ నూనె పాడై అందులో పెరిగే పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనెను ఇక వంటకు వాడకూడదు. మాలో ఎక్కువ ముక్కలు తిన్న మిత్రునికి ఆ రాత్రి వాంతులు, విరేచనాలు పట్టుకుని, మరునాడు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. దానికి ఆ చికెనే కారణమని డాక్టరు రాసివ్వలేదు కనుక నేనూ రుజువైనట్టు చెప్పడం లేదు, కానీ ఆ వాసన చూసిన మాకు మాత్రం అనుమానం లేదు.

బిల్లు సంగతి మరింత వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని చదవకుండానే డబ్బు ఇచ్చేస్తారు. తిండికి 780 రూపాయలు, బీరుకు 620 రూపాయలు, మొత్తం 1,400 అయింది. ఈ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ పేరిట 70 రూపాయలు, సర్వీస్ చార్జీ పేరిట మరో 140 రూపాయలు కలిపి 1,610 రాశారు. మద్యం జీఎస్టీ పరిధిలోనే లేదు. పన్ను పడవలసింది తిండి మీద మాత్రమే, అంటే 39 రూపాయలు. సర్వీస్ చార్జీని బిల్లులో తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న సమర్థించింది. ఈ లెక్కన మా నుంచి 171 రూపాయలు అదనంగా అడిగారు. పైగా ఆ చీటీ మీద అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసి 15 ఉండే జీఎస్టీ నంబరు గానీ, 2022 జనవరి 1 నుంచి ఆహార బిల్లుల మీద తప్పనిసరి అయిన 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు గానీ లేదు. నంబరే లేనప్పుడు పన్ను పేరిట తీసుకున్న డబ్బు ప్రభుత్వానికి చేరుతుందని ఎలా నమ్మాలి?

నీళ్ల బాటిల్‌కు అచ్చువేసిన ధరకు రెట్టింపు వేశారు. రెస్టారెంట్లు అలా తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది కనుక ఆ ధర మీద నాకు ఫిర్యాదు లేదు. అయితే మామూలు మంచినీళ్లు అడిగితే లేవని చెప్పి బాటిల్‌నే అంటగట్టడం అన్యాయం.

మీరు వెళ్లినప్పుడు ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు గోడకు కనబడేలా ఉందో లేదో మొదట చూడండి. మెనూలో ధరలు కొట్టేసి ఉంటే ఆర్డరుకు ముందే ధర అడగండి. సీసా మూత మీ ఎదుటే తీయమనండి, పెగ్గు అయితే మీ ఎదుటే కొలవమనండి. వేపుడు వస్తే ఒక ముక్కను ఎముక దాకా విరిచి చూసి, తేడాగా ఉంటే ప్లేటును ఫొటో తీసి వెనక్కి పంపండి.

సర్వీస్ చార్జీ తీసేయమని అడిగినా మా బిల్లులో తీయలేదు. అందువల్ల పూర్తి మొత్తం యూపీఐ ద్వారా చెల్లించి, చీటీ, ఫొటోలు జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. తిండి నాణ్యత గురించి ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో విడిగా రాశాను. పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉన్నవారికి అక్కడ ఫీజు ఉండదు. ఆ రోడ్డులో ఇలాగే బీరు మీద కూడా జీఎస్టీ వేసిన చీటీ మీ దగ్గర ఉంటే పారేయకండి, తేదీ కనబడేలా ఫొటో తీసి పెట్టుకుని మీరూ ఫిర్యాదు నమోదు చేయండి. అచ్చు అయిన అక్షరాలు కొన్నాళ్లకే వెలిసిపోతున్నాయి కనుక ఆ ఫొటో ఈ రోజే తీయండి.