భీమవరం నుంచి గడ్డ జీన్ పరీక్ష: ల్యాబు బాగుంది, బ్లాకు తీసుకునే తీరే బాగోలేదు

క్యాన్సర్ గడ్డలోని జన్యు మార్పులను చదివే ఎన్‌జీఎస్ పరీక్షకు డెల్టా నుంచి ఇప్పుడు రోగి కదలక్కర్లేదు. కదలాల్సింది బయాప్సీ బ్లాకు, అంటే మైనంలో పొదిగిన గడ్డ ముక్క. భీమవరంలో ఒక కలెక్షన్ సెంటర్ దాన్ని తీసుకుని బయట నగరంలోని ల్యాబుకు పంపుతోంది. ఈ సేవకు మా మార్కులు 5కి 3.5. మార్కులు పోయింది ల్యాబు పనిలో కాదు, బ్లాకు ల్యాబుకు చేరేలోపు.

పరీక్ష విలువ తెలియాలంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ చూస్తే చాలు. 2009లో వెలువడిన ఐపాస్ ట్రయల్‌లో ఈజీఎఫ్ఆర్ అనే జీన్‌లో మార్పు ఉన్నవాళ్లకు జెఫిటినిబ్ మాత్ర కీమో కంటే బాగా పనిచేసింది. మార్పు లేనివాళ్లలో కీమోనే నయమని తేలింది. మాత్ర అదే, జబ్బు పేరూ అదే, ఫలితం మాత్రం తలకిందులు. అందుకే అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) అని రిపోర్టు వచ్చి, జబ్బు ముదిరి ఉంటే, మందు మొదలుపెట్టే ముందే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్1 జీన్లు చూసి తీరాలి.

ఇక బ్లాకు సంగతి. గడ్డ ముక్కను తీసిన వెంటనే 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే, పుల్లబడకుండా బఫర్ కలిపిన ద్రవంలో) వేయాలి. ద్రవం ముక్కకు కనీసం పదింతలు ఉండాలి, నానే సమయం 6 నుంచి 72 గంటల మధ్య ఉండాలి. తక్కువైతే ముక్క లోపలి భాగం పాడవుతుంది. ఎక్కువైతే డీఎన్ఏ ముక్కలుముక్కలై, గడ్డలో లేని మార్పులు కూడా ఉన్నట్టు కనిపిస్తాయి. భోగి ముందురోజు తీసిన ముక్క కనుమ దాటేదాకా సీసాలోనే ఉండిపోతే జరిగేది ఇదే. బఫర్ లేకుండా నీళ్లు కలిపి వాడే ఫార్మలిన్ నిలవున్న కొద్దీ పుల్లబడి డీఎన్ఏను తినేస్తుంది. ఎముక ముక్కైతే దాన్ని మెత్తబరచడానికి ఘాటు ఆమ్లం వాడొద్దని, ఈడీటీఏ అనే రసాయనం వాడమని పెథాలజిస్టుకు ముందే చెప్పాలి. ఆమ్లంలో మెత్తబడిన ముక్క నుంచి పనికొచ్చే డీఎన్ఏ వస్తుందని ఆశ పెట్టుకోవద్దు.

ఈ సెంటర్ ఫారంలో రోగి పేరు, వయసు, బిల్లు వివరాలు అన్నీ ఉన్నాయి. ముక్క ఎన్ని గంటలు నానింది అన్న గడి ఒక్కటి లేదు. బ్లాకులో క్యాన్సర్ కణాలు కనీసం 20 శాతం ఉన్నాయో లేదో అడగరు. ఒకే ఆపరేషన్‌లో ఏ1, ఏ2, బీ1 అని నాలుగైదు బ్లాకులు ఉంటే చేతికి అందింది తీసుకుంటారు. పెద్ద లోపం ఇదే. ఇలా వెళ్లిన బ్లాకు చాలదని తిరిగొస్తే రోగికి రెండు మూడు వారాలు నష్టం, మళ్లీ సూది గుచ్చే బాధ. కాబట్టి ఏ బ్లాకులో గడ్డ ఎక్కువుందో మీ పెథాలజిస్టు చేతే రాయించి తీసుకెళ్లండి. మే నెల ఎండల్లో పార్సిల్‌లో జెల్ ప్యాక్ పెట్టించండి. మూసిన వ్యానులో మైనం మెత్తబడితే ల్యాబులో పల్చటి పొరలు సరిగా తెగవు. మిగిలిన బ్లాకు వెనక్కి ఇస్తామని రసీదు మీద రాయించుకోవడం మరవకండి.

బ్లాకు చాలనప్పుడు రక్తంతో చేసే లిక్విడ్ బయాప్సీకి ఇక్కడ స్ట్రెక్ ట్యూబులు (రక్తంలోని డీఎన్ఏను చెడకుండా ఉంచేవి) నిల్వ ఉంచుతున్నారు. ఇది మెచ్చుకోవాలి. రెండు ట్యూబులూ నిండుగా, ఒక్కోదానిలో 10 మిల్లీలీటర్లు తీసి, వెంటనే ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తిరగేయాలి. అలవాటుకొద్దీ ఐసు పెట్టెలో పెట్టేస్తారు, పెట్టనివ్వకండి. ఈ ట్యూబు గది వేడిలోనే ఉండాలి. రక్తంలో మార్పు కనిపించకపోతే గడ్డలో లేదని కాదు. గడ్డ రక్తంలోకి డీఎన్ఏ వదలడం లేదేమో కూడా.

రిపోర్టు మాత్రం చక్కగా ఉంది. మొదటి పేజీలోనే మార్పు, అది ఎంత శాతం డీఎన్ఏలో ఉంది, దానికి మందు ఉందా అన్నవి వస్తాయి. అర్థం తేలని మార్పులను విడిగా చివర్లో పెట్టారు. వాటిని చూసి మందు మార్చకూడదు. ఫోన్‌లో తెలుగులో ఓపికగా వివరించే కౌన్సిలర్ ఉన్నారు. గడ్డలో బీఆర్‌సీఏ జీన్ మార్పు దొరికితే, అది పుట్టుకతో వచ్చిందా అని రక్తంతో మళ్లీ చూడాలని వాళ్లే చెబుతున్నారు. పుట్టుకతో వచ్చిందైతే రోగి పిల్లల్లో ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం 50 శాతం. అండాశయ, రొమ్ము క్యాన్సర్లలో ఓలాపరిబ్ అనే మందు వాడాలా వద్దా అన్నదీ ఈ ఫలితం మీదే చాలావరకు ఆధారపడుతుంది.

అందరికీ ఈ ఖర్చు అవసరమా? కాదు. లంక పొగాకు చుట్టలు, గుట్కాల వల్ల వచ్చే నోటి క్యాన్సర్ మన దగ్గర చాలా చూస్తాం. 2006లో అమెరికాలో మొదలైన క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ అనే పరిశోధన, పొగతాగేవారి తల, మెడ క్యాన్సర్లలో దాదాపు అన్నింట్లోనూ టీపీ53 అనే జీన్ దెబ్బతిన్నదని చూపింది. దాన్ని సరిచేసే మాత్ర ఇంకా చేతికి రాలేదు. ఆపరేషన్‌తో పోయే నోటి పుండుకు వందల జీన్లను ఒకేసారి చూసే ప్యానెల్ అమ్మజూపితే వద్దనండి. రొమ్ము గడ్డకు ముందు ఈఆర్, పీఆర్, హెర్2 అనే ప్రోటీన్ల పరీక్ష చాలు. హెర్2 రెండు ప్లస్ వస్తే, అంటే ఎటూ తేలకపోతే, హెర్2 జీన్ కాపీలు లెక్కపెట్టే ఫిష్ పరీక్ష. ఊపిరితిత్తులకు మాత్రం ప్యానెల్ డబ్బు దండగ కాదు. జెఫిటినిబ్‌కు చవకైన జెనెరిక్‌లు ఉన్నాయి. ఈజీఎఫ్ఆర్ మార్పుకే వాడే ఖరీదైన ఓసిమెర్టినిబ్ మాత్ర మీద కస్టమ్స్ సుంకాన్ని 2024 బడ్జెట్‌లో ఎత్తేశారు.

శనివారం ఇచ్చిన బ్లాకు సోమవారం దాకా సెంటర్లోనే ఉంటుంది. సోమ, మంగళవారాల్లో ఉదయమే ఇచ్చి, కొరియర్ నంబరు అక్కడే అడిగి తీసుకోండి.