కంటెంట్ ఐడీ ఆశతో నెట్‌వర్క్‌లో చేరితే: మూడేళ్ల వాడకం తర్వాత

యూట్యూబ్ ఛానళ్లను తమ కింద చేర్చుకుని ఆదాయంలో వాటా తీసుకునే నెట్‌వర్క్ వాళ్లు ఫోన్ చేయగానే అందరం అడిగేది ఒకటే, "మీకెంత, మాకెంత?" అని. మూడేళ్లు ఒక నెట్‌వర్క్‌లో ఉండి బయటపడ్డాక ఆ ప్రశ్న నాకు అయిదోదో ఆరోదో అయింది. ఇప్పుడు మొదట అడగమనేది ఇది: "మేం వెళ్లిపోయే రోజున మా వీడియోల మీద మీరు పెట్టుకున్న రిఫరెన్సులను (దొంగ కాపీలను పట్టడానికి సిస్టమ్‌కి ఇచ్చినవాటిని) ఏం చేస్తారు?" జవాబు ఫోన్లో కాదు, మెయిల్లో రావాలి. రాలేదా, తొంభై శాతం మీకే ఇస్తామన్నా ఒక దండం పెట్టి వదిలేయండి.

ఛానల్ గురించి రెండు ముక్కలు, మీ లెక్క వేరుగా ఉండొచ్చు కాబట్టి. ఒడిశాలోని బరంపురంలో తీసే తెలుగు వీడియోలు. పట్టు మగ్గాలు, అప్పడాలు ఒత్తే ఇళ్లు, సంతలు, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి అమ్మవారి యాత్ర. సబ్‌స్క్రైబర్లు 19 వేలు, వీడియోలు 230 దాకా. మానిటైజేషన్, అంటే ప్రకటనల ఆదాయం, నెట్‌వర్క్‌లో చేరేముందే ఉంది. దానికి కావాల్సిన 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 4,000 గంటల వీక్షణ అన్న గీత నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లకీ అదే. "మాతో చేరితే ఆ గీతతో పనిలేదు" అనేవాడి మాట నమ్మకండి. ఒప్పందం 70:30, డెబ్బై మాకు. ఆ డెబ్బై, యూట్యూబ్ తన వాటా తీసుకోగా మిగిల్చిన 55లో. అంటే పెద్ద వీడియో మీద వంద రూపాయల ప్రకటనకు మిగిలేది 38 రూపాయల 50 పైసలు, దాంట్లో మళ్లీ టీడీఎస్.

మరి అంతకెందుకు చేరాం? కంటెంట్ ఐడీ కోసం, అంటే మన వీడియోను ఇంకెవరైనా ఎక్కిస్తే దానంతటదే పట్టుకునే యూట్యూబ్ సిస్టమ్ కోసం. చిన్న ఛానళ్లకు యూట్యూబ్ దాన్ని నేరుగా ఇవ్వదు. మనకిచ్చేది కాపీరైట్ మ్యాచ్ టూల్. వీడియో మొత్తమో దాదాపు మొత్తమో మళ్లీ ఎక్కించినవాణ్ణి అది చూపిస్తుంది. మధ్యలోంచి నలభై సెకన్లు కోసి షార్ట్ చేసుకున్నవాడు దానికి చిక్కడు. చిక్కినా తీయించగలం అంతే, పైసా రాదు. కంటెంట్ ఐడీలో ముక్క కూడా పట్టుబడుతుంది, ఆ వీడియో మీద వచ్చే ఆదాయం మనవైపు తిప్పుకోవచ్చు.

నిజంగానే పనిచేసింది, అది ఒప్పుకోవాలి. చేరిన తర్వాతి వేసవిలో యాత్ర వచ్చింది. పులి వేషం వేసిన కుర్రాడు డప్పు ఒక్క క్షణం ఆగగానే తోక విదిలించి కెమెరా మీదికి దూకే ముక్క ఒకటుంది మా వీడియోలో. వారం తిరక్కుండా పదకొండు ఛానళ్లు దాన్ని కోసుకుపోయాయి. కొందరు నిలువుగా కత్తిరించారు, ఇంకొకరు మా లోగో మీద తమ స్టిక్కర్ అంటించి, అసలు శబ్దం తీసేసి ఏదో ఒడియా పాట పెట్టారు. అయినా బొమ్మను బట్టి దొరికిపోయారు. మేం ఒక్క ఫారం నింపలేదు. మూడు నెలలు నెట్‌వర్క్ స్టేట్‌మెంట్ తెరవడమే పండగలా ఉండేది. ఆ రోజుల్లో అడిగినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని చేరండి" అని చెప్పాను. ఇక్కడ రాస్తున్నది సగం ఆ పాపపరిహారానికే.

అప్పుడు పట్టించుకోని సంగతి: రిఫరెన్స్ ఎలా పెట్టారన్నది. రిఫరెన్స్ అంటే పోల్చి చూడటానికి సిస్టమ్‌కి ఇచ్చే అసలు కాపీ. శబ్దం మాత్రమే ఇవ్వొచ్చు, బొమ్మ మాత్రమే ఇవ్వొచ్చు, రెండూ ఇవ్వొచ్చు. ఊరేగింపు వీడియోలో డీజే బండి పాట తప్పకుండా ఉంటుంది, అది మనది కాదు. కాబట్టి బొమ్మ మాత్రమే ఇవ్వాలి, లేదా పాట వినిపించే భాగాలను మినహాయించాలి. మా నెట్‌వర్క్ 52 నిమిషాల వీడియోను శబ్దంతో సహా గుండుగుత్తగా ఎక్కించేసింది. ఫలితం, అదే బండి వెనక నడుస్తూ సొంతంగా వీడియో తీసుకున్న పక్కవీధి ఛానళ్ల మీద మా పేరుతో క్లెయిములు (ఇది మాది అనే దావాలు) పడ్డాయి. బరంపురం ఎంత ఊరు? గేట్ బజార్‌లో టీ దగ్గర ఎదురయ్యే మనుషులే అందరూ. వాళ్ల డబ్బు మేం తినేస్తున్నామని అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. క్లెయిములు వదిలేయమని మేనేజర్‌కి రాస్తే ఒక్కో లింకుకు నాలుగైదు రోజులు పట్టింది. చేరేవాళ్లు ఇది మెయిల్లో రాయించుకోండి: ఏ వీడియో రిఫరెన్స్ అవుతుందో మేం చెబుతాం, బయట తీసినవి బొమ్మ మాత్రమే, పాటలున్న చోట మినహాయింపు.

ఇక బయటికి రావడం.

ఒప్పందం రెండేళ్లు. గడువుకు 60 రోజుల ముందు రాతపూర్వకంగా వద్దనకపోతే దానంతటదే ఇంకో ఏడాది. మేం జూన్ 11న సంతకం పెట్టాం, యూట్యూబ్ స్టూడియోలో (ఛానల్‌ను నడిపే పేజీలో) మా ఛానల్ వాళ్లకి లింకయింది జూలై 3న. లింకైన రోజు నుంచి లెక్కేసుకుని మే 1న నోటీసు పంపాం, 62 రోజులు ముందే పంపామని ధీమా. వాళ్లు సంతకం తేదీ తీశారు. ఆ లెక్కన గడువు జూన్ 10, మా నోటీసు 40 రోజుల ముందుది. ఇంకో ఏడాది ఉండాల్సి వచ్చింది. వివాదం వస్తే మధ్యవర్తిత్వం ముంబైలో అని ఉంది, 19 వేల సబ్‌స్క్రైబర్ల ఛానల్ రైలెక్కి అంత దూరం పోతుందా? సంతకం రోజే రెండు తేదీలూ క్యాలెండర్లో గుర్తుపెట్టుకుని, ముందొచ్చేదానికి 90 రోజుల ముందే నోటీసు పంపేయండి. ఈ పొరపాటు మాది, దాని మీద నాకు పెద్ద కోపం లేదు.

కోపం ఇప్పుడు చెప్పబోయేదాని మీద. మూడో ఏడు పూర్తయ్యాక ఛానల్ లింకు తీసేశారు. నాలుగో రోజు ఉదయం స్టూడియో తెరిస్తే కంటెంట్ జాబితాలో 38 వీడియోల పక్కన "కాపీరైట్" అని ఉంది. క్లెయిమ్ చేసినవాళ్లు ఎవరు? పాత నెట్‌వర్కే. మా మగ్గాల వీడియోల మీద, మా అప్పడాల వీడియోల మీద, మా పులి మీద. కంచె చేను మేయడమంటే ఇదే.

ఎందుకిలా అవుతుందంటే, లోపల ఉన్నన్నాళ్లు మన ఛానల్ వాళ్ల మినహాయింపు జాబితాలో ఉంటుంది. రిఫరెన్స్ మన వీడియోదే అయినా సిస్టమ్ మనల్ని ముట్టుకోదు. లింకు తెగగానే ఆ మినహాయింపు పోతుంది. రిఫరెన్సులు మాత్రం వాళ్ల ఖాతాలో బతికే ఉంటాయి. ఇక సిస్టమ్ కంటికి మనమూ పులి ముక్క ఎత్తుకెళ్లినవాళ్లలో ఒకళ్లం. మనిషెవరూ కావాలని చేసింది కాకపోవచ్చు. కానీ రిఫరెన్సులు ఆపేసి, అసెట్ల మీద, అంటే సిస్టమ్‌లో ఆ వీడియోల హక్కుల నమోదు మీద, యాజమాన్యం వదిలేశాకే లింకు తీయాలన్నది ఆ పనిలో ఉన్నవాళ్లకి తెలియనిది కాదు.

మీకూ ఇలా జరిగితే మొదట గుర్తుంచుకోవాల్సిన అంకె 5. క్లెయిమ్ పడిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ చేస్తే (అది తప్పని అభ్యంతరం పెడితే), క్లెయిమ్ పడిన మొదటి రోజు నుంచి వచ్చిన ఆదాయాన్ని యూట్యూబ్ పక్కన పెడుతుంది, గెలిచాక మనకిస్తుంది. 5 దాటితే డిస్ప్యూట్ చేసిన రోజు నుంచే. అందుకని వరసలో పైనుంచి కిందికి కాక, గత 28 రోజుల ఆదాయం ప్రకారం పేర్చుకుని ఎక్కువ తెచ్చే వీడియోలతో మొదలుపెట్టండి. ఒక్కోదానికీ విడిగా చేయాలి. వీడియో పక్కన కాపీరైట్ మీద కర్సర్ పెట్టి వివరాల్లోకి వెళ్లి, చర్య ఎంచుకునే చోట డిస్ప్యూట్. కారణం దగ్గర "లైసెన్స్" నొక్కకండి. పాత ఒప్పందం ఉంది కదా అని చాలామంది అదే నొక్కుతారు, అప్పుడు వీడియో వాళ్లదే, మనకు అనుమతి ఉంది అని ఒప్పుకున్నట్టవుతుంది. "ఒరిజినల్ కంటెంట్" ఎంచుకోండి. కింద నాలుగు వాక్యాలు చాలు: వీడియో తీసింది మేమే, ఫలానా తేదీన మొదట ఎక్కించింది ఈ ఛానల్లోనే, ఫలానా తేదీన ఒప్పందం ముగిసిందని మీ మెయిల్ ఉంది, కోయని ఫైళ్లు మా దగ్గరున్నాయి. అదే అన్నిటికీ అతికించి తేదీలు మార్చుకోండి.

జవాబివ్వడానికి వాళ్లకి 30 రోజుల గడువు. మా 38లో 29 పది రోజుల్లో వదిలేశారు. ఏడింటి మీద ఉలుకూ పలుకూ లేక 30 రోజులయ్యాక వాటంతటవే రాలిపోయాయి. రెండింటిని తిరస్కరించారు, వాటిలో పులి ఒకటి. తిరస్కరిస్తే మనం అప్పీలు చేయాలి, దానికి జవాబివ్వడానికి వాళ్లకి గడువు 7 రోజులే. అక్కడ కొంచెం గుండె నిబ్బరం కావాలి. అప్పీలు తర్వాత కూడా వాళ్లు పట్టుబడితే తీసివేత నోటీసు ఇవ్వొచ్చు, అది స్ట్రైక్, అంటే ఛానల్ మీద కాపీరైట్ తప్పు కింద నమోదు అవుతుంది. వీడియో నూటికి నూరుపాళ్లు మీదైతేనే అప్పీలు చేయండి. ఆరో రోజున రెండూ వదిలేశారు.

తర్వాత తీరిగ్గా పాత స్టేట్‌మెంట్లన్నీ ముందేసుకుని కూర్చుంటే, పండగలా ఉండేదన్న ఆ ఆదాయం కాస్త చిన్నబోయింది. 36 నెలల్లో కంటెంట్ ఐడీ తెచ్చిన సొమ్ము, ఛానల్ మొత్తం ఆదాయంలో వాళ్లు తీసుకున్న 30 శాతాన్ని దాటింది నాలుగు నెలలే. మిగతా 32 నెలలూ కాపలాకి ఇచ్చిన కూలి కాపాడిన గింజల కంటే ఎక్కువ. పైగా ఆ సొమ్మంతా స్టేట్‌మెంట్లో "ఇతరములు" అని ఒకే గీతలో వచ్చేది, ఏ వీడియోకి ఎంతో తేలదు. వీడియోవారీ లెక్క ఇస్తారా అన్నది కూడా అడగండి. స్టూడియోలో కనిపించే అంకె నెట్‌వర్క్ వాటా కోయకముందుది, దాన్ని చూసి ఖర్చులు పెట్టుకోవద్దు.

చెల్లింపులు ఆలస్యమే, మోసం కాదు. యూట్యూబ్ ముందు నెల డబ్బును 21 నుంచి 26 లోపు వాళ్లకి పంపిస్తే, మాకు వచ్చేసరికి ఇంకో 45 రోజులు. కోసిన టీడీఎస్ మూడు నెలలకోసారి ఆదాయపన్ను శాఖ 26ఏఎస్ పత్రంలో మీ పాన్ కింద కనిపించాలి, అది మాత్రం చూసుకుంటూ ఉండండి.

సరిహద్దు జిల్లాల వాళ్లకి ప్రత్యేకంగా రెండు. చిరునామా ఒడిశాది కాబట్టి మమ్మల్ని ఒడియా విభాగంలో వేశారు. మేనేజర్ మంచివాడే గానీ తెలుగు రాదు, తెచ్చే స్పాన్సర్లు ఒడియా వీడియో అడిగేవారు. తెలుగు విభాగానికి మార్చడానికి ఏడు నెలలు పట్టింది. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఛానళ్లూ చేరేముందే "మా భాష తెలుగు, మా మేనేజర్ ఎవరు?" అని తేల్చుకోండి.

రెండోది పేరు. బయటికొచ్చాక డబ్బు మన యాడ్‌సెన్స్‌కే (గూగుల్ డబ్బు చెల్లించే ఖాతాకే) రావాలి కదా. ఇక్కడి బడి సర్టిఫికెట్లలో "వ" అంతా "బ" అయిపోతుంది. వాసుదేవరావు సర్టిఫికెట్లో బాసుదేవ్ రావు, దాన్నిబట్టి ఆధార్లోనూ అదే. పాన్ ఎక్కడో శ్రీకాకుళంలో చేయించుకుంటే అందులో వాసుదేవరావు, ఇంటిపేరు ముందు. బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు ఒక్క అక్షరం. యాడ్‌సెన్స్ పేరు, పన్ను ఫారం మీది పేరు, పాన్, బ్యాంకు ఖాతా నాలుగూ ఒక్కలా లేకపోతే ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఇవి దిద్దించడం నెలల పని, నోటీసు పంపకముందే మొదలుపెట్టండి. యాడ్‌సెన్స్ అడిగే అమెరికా పన్ను ఫారంలో భారత్-అమెరికా పన్ను ఒప్పందం కింద 15 శాతం అని ఎంచుకుంటే అమెరికాలో చూసినవాళ్ల ఆదాయం మీదే కోత. ఫారమే ఇవ్వకపోతే మొత్తం ఆదాయం మీద 24 దాకా పోవచ్చు. చిన్న బ్రాంచీకి స్విఫ్ట్ కోడ్ ఉండదు, విదేశీ లావాదేవీలు చూసే పెద్ద బ్రాంచీది రాయించుకోండి. ఖాతాలో 10 డాలర్లు చేరాక, చిరునామా సరిచూడటానికి వచ్చే పిన్ ఉత్తరానికి వీధి పేరు మీ పోస్ట్‌మన్‌కి తెలిసినట్టు రాయండి, మ్యాప్‌లో ఉన్నట్టు కాదు.

అయితే నెట్‌వర్క్ అసలే వద్దా? ఇంట్లో కూర్చుని వంటలు చేసే ఛానలైతే నాకు అవసరం కనిపించడం లేదు, మ్యాచ్ టూల్ చాలు. మాలా జాతరలు, ఊరేగింపులు తీసేవాళ్లకి ముక్కల దొంగతనం నిజమైన బాధే. వాళ్లకైనా ఛానల్ లింకు చేయించుకోకుండా కంటెంట్ ఐడీ పని మాత్రమే చూసి, పట్టుకున్నదాంట్లోనే వాటా తీసుకునే సంస్థలు నయమనిపిస్తోంది. నేనింకా వాడలేదు, కాబట్టి గట్టిగా చెప్పను. నెట్‌వర్కే కావాలంటే "అఫిలియేట్"గా చేర్చుకోమనండి, ఛానల్ వాళ్ల సొంతం కింద రాసే రకానికి ఒప్పుకోవద్దు. వెళ్లేనాడు రిఫరెన్సులు ఆపి, అసెట్లు వదిలి, ఆ తర్వాతే లింకు తీస్తామని ఒప్పందంలోనే రాయించండి.

బయటికొచ్చాక మా పులి ముక్క మళ్లీ మూడుచోట్ల కనిపించింది. మ్యాచ్ టూల్‌కి చిక్కింది ఒక్కటే, తీయించాం. మిగతా రెండూ అలాగే తిరుగుతున్నాయి.