నేలకు జానెడు పైన ఏముందో చెప్పే డబ్బా: పెర్చ్ వేటకి వెక్సిలార్ ఎఫ్‌ఎల్-8ఎస్‌ఈ

గడ్డకట్టిన సరస్సు మీద పెర్చ్ కోసం ఒక్క రోజు వెళ్లొచ్చేవాళ్లకి అన్నిటికంటే కరువైనది సమయం. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో డిసెంబరు చివర సాయంత్రం నాలుగున్నర దాటేసరికి పొద్దు గూకుతుంది. పెర్చ్ కంటితో చూసి మేసే చేప. చీకటి పడితే సరస్సు అడుగు నేలకు దిగి కదలకుండా ఉండిపోతుంది. పొద్దున ఎనిమిదికి మంచు మీద కాలు పెడితే చేతిలో ఉన్నది ఎనిమిది గంటలు. చేపలేని కన్నం ముందు కూర్చున్న ప్రతి అరగంటా అందులోంచి పోయినట్టే. నీళ్లలోకి శబ్దం పంపి, కింద ఉన్న చేపల్ని వెలుగు గీతలుగా చూపే మెషీన్‌ని ఫ్లాషర్ అంటారు. వెక్సిలార్ కంపెనీ ఎఫ్‌ఎల్-8ఎస్‌ఈ ఫ్లాషర్ ఆ దండగని ఎంత తగ్గిస్తుందన్నదే అసలు ప్రశ్న. బాగా తగ్గిస్తుంది, కాకపోతే చూడ్డం నేర్చుకోవాలి.

అన్నిటికంటే ముందు ఒక మాట. ఇది నీళ్లలో ఏముందో చూపిస్తుంది, మంచు మనిషిని మోస్తుందో లేదో చెప్పదు. దానికి గునపమే దిక్కు. గట్టు దగ్గర్నుంచే నాలుగైదు అంగలకొకసారి గట్టిగా పొడుస్తూ వెళ్లాలి. మిన్నెసోటా డీఎన్‌ఆర్ (రాష్ట్ర సహజ వనరుల శాఖ) లెక్క ప్రకారం నడిచేవాళ్లకి కొత్తగా కట్టిన స్పష్టమైన మంచు కనీసం 4 అంగుళాలు ఉండాలి. తెల్ల మంచుకి ఆ బలం సగమే, కాబట్టి మందం రెట్టింపు కావాలి. మెడలో మంచు పట్టుకునే మేకుల జత, ఒంటి మీద తేలే జాకెట్ లేకుండా ఈ మెషీన్ కోసం డబ్బు పెట్టడం తప్పు వరస.

ఇక మెషీన్ సంగతి. గుండ్రటి ముఖం, లోపల మోటారుతో గిర్రున తిరిగే పళ్లెం. నీళ్లలోకి వెళ్లి తిరిగొచ్చిన శబ్దం బలాన్ని బట్టి మూడు రంగుల్లో గీతలు వెలుగుతాయి: బలహీనమైతే ఆకుపచ్చ, మధ్యస్థమైతే నారింజ, బలమైతే ఎరుపు. సున్నా దగ్గరున్నది మంచు, ఎర్రగా మందంగా నిలిచిపోయినది నేల. మధ్యలో కదిలేదే మనకి కావలసింది. గాలం కదిలించిన క్షణంలోనే గీత కూడా కదులుతుంది, ఆలస్యం కనబడదు. ఈ ఒక్క గుణం కోసమే ఇంత పాత రకం తెరని ఇప్పటికీ వదలనివాళ్లు చాలామంది.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది గెయిన్ దగ్గర, అంటే తిరిగొచ్చిన శబ్దాన్ని ఎంత పెంచి చూపాలో పెట్టే నాబ్ దగ్గర. ఎక్కువ పెడితే చేపలు ఎక్కువ కనబడతాయనుకుని తిప్పేస్తారు. అప్పుడు 4 మిల్లీమీటర్ల జిగ్ (బరువు తల ఉన్న చిన్న గాలం) కూడా లావుపాటి ఎర్ర పట్టీ అయిపోయి, దాని పక్కకొచ్చిన చేపని మింగేస్తుంది. గెయిన్ సున్నాలో ఉంచి, జిగ్‌ని నేలకు రెండడుగులు పైన ఆపి, సన్నటి ఆకుపచ్చ గీత కనిపించేదాకా మెల్లగా పెంచి అక్కడితో ఆగాలి. ఆ తర్వాత తెర చదవడం తేలిక. దూరంగా వచ్చిన చేప మినుకుమినుకుమనే ఆకుపచ్చ గీత. దగ్గరికొచ్చేకొద్దీ నారింజ, సరిగ్గా కన్నం కిందికొస్తే ఎరుపు. చేప గీత జిగ్ గీతలో కలిసిందంటే దారం మీద చూపు పెట్టాలి, మరుక్షణం కాటు పడవచ్చు.

పెర్చ్ వేటలో దీని బలహీనత సరిగ్గా నేల దగ్గరే ఉంది. నీళ్లలోకి దించే, శబ్దం పంపి తిరిగి అందుకునే భాగం ట్రాన్స్‌డ్యూసర్. మామూలుగా దీంతో వాడేది శబ్దం 19 డిగ్రీల కోణంలో విచ్చుకునేది. దాని శబ్దం గరాటులా విచ్చుకుంటుంది, కింద పడే వలయం వెడల్పు దాదాపు లోతులో మూడో వంతు. 20 అడుగుల నీటిలో అంటే సుమారు ఆరున్నర అడుగులు. వలయం అంచున ఉన్న చేప దగ్గరికి శబ్దం ఏటవాలుగా వెళ్లాలి, నిట్టనిలువు దూరం కంటే అది ఎక్కువ. దాంతో ఆ చేప ఉన్నదానికంటే మూడు అంగుళాలు కిందికి జరిగి కనిపిస్తుంది. పెర్చ్ ఏమో నేలకు రెండు మూడు అంగుళాల ఎత్తులోనే తిరిగే రకం! అంచున ఉన్న చేప నేల గీతలో కలిసిపోతుంది, తెర ఖాళీగా కనిపిస్తుంది. వాలు నేల మీద ఇది ఇంకా ఘోరం. గట్టు వైపు ఎత్తు నేల ముందుగా ప్రతిధ్వనించి, పల్లం వైపున్న చేపలన్నిటినీ కప్పేస్తుంది. 9 డిగ్రీల ట్రాన్స్‌డ్యూసర్‌తో వలయం సగానికి తగ్గుతుంది, ఈ దాగుడుమూతలూ తగ్గుతాయి. కాకపోతే పక్కనుంచి వచ్చే గుంపు ఆలస్యంగా తెలుస్తుంది. 25 అడుగులు దాటిన నీటిలో 9 డిగ్రీలదే మంచి ఎంపిక. లోతు తక్కువ ఉన్నచోట 19 డిగ్రీలది చాలు.

ఎఫ్‌ఎల్-8ఎస్‌ఈలో నేల భాగాన్ని మాత్రమే పెద్దది చేసి చూపే జూమ్ లేదు. అదే కంపెనీ ఎఫ్‌ఎల్-18లో ఉంది, నేల మీది 6 లేదా 12 అడుగులని విడిగా చూపిస్తుంది. పెర్చ్ కోసమే కొనేవాళ్లకి ఆ తేడా పెట్టే డబ్బుకి తగినదే. అన్ని రకాల చేపలకీ పనికొచ్చే ఒక్క మెషీన్ చాలనుకుంటే 8ఎస్‌ఈతో సర్దుకోవచ్చు.

ఒక్క రోజు ప్రణాళికలో ఇది చేసే పెద్ద సాయం కన్నాలు తవ్వే ముందే మొదలవుతుంది. మంచు నల్లగా, బుడగలు లేకుండా ఉంటే పైన పొడి తుడిచి, కాసిని నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్ మూతిని ఆ తడిలో ఆనించండి. తవ్వకుండానే లోతు తెలుస్తుంది. మధ్యలో గాలి ఉంటే శబ్దం దాటలేదు, అందుకే తెల్ల మంచు మీద ఈ కిటుకు పనిచేయదు.

నేల ఎలాంటిదో కూడా చెబుతుంది. 15 అడుగుల నీటిలో రేంజ్‌ని (తెర చూపే లోతుని) 40 అడుగులకి పెట్టండి. 30 దగ్గర రెండో గీత పడితే కింద ఇసుకో రాయో, గట్టి నేల. పడకపోతే మెత్తటి బురద. ఆ రెండో గీత ఉన్నచోటి నుంచి లేనిచోటికి మారే అంచు వెంబడే కన్నాల వరస వేయాలి. బురదలో ఎర్రటి పురుగులు పెరుగుతాయి, పెర్చ్ గుంపులు వాటిని మేస్తూ ఆ అంచు వెంట తిరుగుతాయి. సీజన్ మొదట్లో 8 నుంచి 15 అడుగుల్లో నీటిమొక్కల అంచులు, నడి చలికాలంలో 20 నుంచి 35 అడుగుల చదును పల్లాలు చూడాలి.

గాలం వేయకముందే పది పన్నెండు కన్నాలు తవ్వేయడం మంచిది, పదిహేను అంగలకొకటి చొప్పున. తర్వాత తవ్వితే ఆ చప్పుడుకి లోతు తక్కువ నీటిలో గుంపు చెదురుతుంది. పెర్చ్‌కి 6 అంగుళాల కన్నం సరిపోతుంది గానీ ట్రాన్స్‌డ్యూసర్ తీగ, గాలం దారం రెండూ అందులోనే ఉండాలి కాబట్టి 8 అంగుళాలది ఉంటే చేప తీగకి చుట్టుకోదు. చిల్లుల గరిటెతో మంచు గుజ్జంతా తీసేయాలి, మూతికి గుజ్జు అంటితే గీతలన్నీ నీరసపడతాయి. ట్రాన్స్‌డ్యూసర్ మంచు పలక అడుగు దాటి, నిలువుగా వేలాడాలి. ఒరిగితే నేల గీత ఉబ్బి, ముందు చెప్పిన దాపరికం మళ్లీ మొదలవుతుంది.

కన్నానికి ఐదు నిమిషాలు చాలు. 3.5 గ్రాముల స్పూన్‌ని (మెరిసే లోహపు ఎరని) నేలకు రెండు మూడుసార్లు కొట్టి బురద లేపి, జానెడు పైకెత్తి ఆపాలి. గీత ఏదీ లేవకపోతే పక్క కన్నానికి జరగాలి. గీత లేచి, కాటు వేయకుండా కిందికి దిగిపోతుంటే 4 మిల్లీమీటర్ల టంగ్‌స్టన్ జిగ్‌కి వ్యాక్స్‌వర్మ్ (ఎరగా వాడే మైనపు పురుగు) గుచ్చి, గీత కంటే కాస్త పైన వణికించాలి. టంగ్‌స్టన్ చిన్నదైనా బరువు, త్వరగా దిగుతుంది, తెర మీద స్పష్టంగా పడుతుంది. దారం 3 పౌండ్ల బరువు ఆపేది. ఒక చేప పడగానే ఆరాటపడకుండా, ఆలస్యమూ చేయకుండా వెంటనే గాలం దింపాలి. గుంపు ఒక చోట నిలిచేది కొద్దిసేపే.

పక్కవాళ్ల ఫ్లాషర్ దగ్గరుంటే తెర నిండా గీతలు పరిగెడతాయి. ఇలాంటి అడ్డు శబ్దాన్ని తగ్గించే ఇంటర్‌ఫియరెన్స్ సెట్టింగ్ మారిస్తే చాలామటుకు పోతాయి, ఒక్కోసారి పది అంగలు జరగక తప్పదు.

బ్యాటరీ విషయంలో పొదుపు వద్దు. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ సీసం బ్యాటరీ దాదాపు 5 పౌండ్లు తూగుతుంది. చలిలో దాని సత్తువ తగ్గుతుంది, అయినా నిండా ఛార్జ్ చేసి తెస్తే రోజంతా నడుస్తుంది. ఇంటికి రాగానే మళ్లీ ఛార్జింగ్‌కి పెట్టాలి, సగం ఖాళీగా వారాలు వదిలేస్తే పలకలు సల్ఫేట్ పట్టి పాడవుతాయి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బరువు సగం కూడా ఉండదు. కానీ గడ్డకట్టే చలిలో దాన్ని ఛార్జ్ చేయకూడదు, ముందు గదిలో వెచ్చబడాలి.

తెర ఎంత చూపించినా 30 అడుగులు దాటిన నీటిలో ఒక హద్దు పెట్టుకోవాలి. పైకి వచ్చేసరికి పెర్చ్ గాలితిత్తి ఉబ్బిపోతుంది, వదిలినా చాలా చేపలు బతకవు. అక్కడ చిన్నవి పడుతుంటే ఏరుకోకుండా చోటు మార్చడమే న్యాయం. మిన్నెసోటాలో సాధారణ పరిమితి రోజుకు 20 పెర్చ్, మంచు మీద మనిషికి రెండు దారాలు. కొన్ని సరస్సులకి అంతకంటే తక్కువ, వెళ్లే సరస్సు పేరుతో చూసుకోవాలి. చిన్న చేపల ఎర తీసుకెళ్తే తిరిగొచ్చేటప్పుడు అందులో సరస్సు నీళ్లు ఉండకూడదు. వ్యాక్స్‌వర్మ్‌కి ఆ బెడద లేదు.

పాతది కొనేవాళ్లు మూడు చూడాలి. ట్రాన్స్‌డ్యూసర్ మూతి మీద పగుళ్లు, తీగ ప్లగ్ దగ్గర నలిగిన చోటు, పళ్లెం తిరిగేటప్పుడు మోటారు గరగర. స్విచ్ వేసి ట్రాన్స్‌డ్యూసర్‌ని చెవి దగ్గర పెడితే సన్నటి టిక్‌టిక్ వినబడాలి. వినబడకపోతే ధర ఎంత తగ్గించినా వద్దు.